ఏ మాటతో వెతకాలి? (ఊరూ పేరూ – 11వ భాగం)



ఈ వారం చెరువుల మీద రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. అది ఇంకో వారం ఆగాలి. మధ్యలో ఒక అమ్మాయి వచ్చి అడిగిన ప్రశ్న నన్ను నాలుగు రోజులుగా వదలడం లేదు. ముందు దాని సంగతి చూడాలి.

మా కావలిలోనే డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. ఎరుకల కుటుంబం. సొంత ఊరి చరిత్ర మీద ప్రాజెక్టు రాయమన్నారంట. తోటి పిల్లలు గుడి గురించో, తుమ్మలపెంట సముద్రం గురించో రాస్తుంటే, ఈ పిల్ల వాళ్ళ తాతల గురించి రాద్దామనుకుంది. ఫోను తీసి తెలుగులో "కావలి ఎరుకలు" అని కొట్టింది. కుల ధ్రువపత్రానికి ఎట్లా అర్జీ పెట్టాలో వచ్చింది. ఏదో సినిమా పాట వచ్చింది. తాతలు రాలేదు.

"అన్నా, మా వాళ్ళ గురించి ఎవరూ ఏమీ రాయలేదా?" అని అడిగింది.

"రాశారు తల్లీ, చానా రాశారు. నువ్వు కొట్టిన మాట వేరు, వాళ్ళు రాసిన మాట వేరు" అన్నాను. ఆ ఫోను తీసుకుని ఇంగ్లీషులో కొట్టాను: క్రిమినల్ ట్రైబ్స్ సెటిల్మెంట్, కావలి. అంతే. పాత మిషనరీ రిపోర్టులు, మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు, పరిశోధన పుస్తకాలు వరసగా వచ్చి పడ్డాయి.

సంతోషపడుతుందనుకున్నాను. ఆ పిల్ల ఫోను వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "అంటే మా తాత దొరకాలంటే దొంగ అని కొట్టాల్నా అన్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఈ భాగం ఆ జవాబు వెతుక్కోవడానికే రాస్తున్నాను.

ముందు ఆ మాట మన ఊరికి ఎట్లా వచ్చిందో చూద్దాం.

1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేశారు. మొదట ఉత్తరాదిన. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఆ చట్టానికి మనిషి నేరం చేశాడా లేదా అన్నది అక్కర్లేదు. సర్కారు ఫలానా కులాన్ని జాబితాలో వేసిందంటే, ఆ కులంలో పుట్టినోడు పుట్టుకతోనే అనుమానితుడు. రిజిస్టరులో పేరు ఎక్కాలి. వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు పోయి హాజరు పలకాలి. సెటిల్మెంటులో ఉన్నవాళ్ళు బయటికి పోవాలంటే పాసు ఉండాలి.

అంతకు ముందు ఎరుకలోళ్ళు ఏం చేసేవాళ్ళు? కోస్తాలో ఉప్పు కొని ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని పైతట్టు ఊళ్ళకు పోయేవాళ్ళు. అక్కడ ఉప్పు అమ్మి ధాన్యం తెచ్చేవాళ్ళు. బుట్టలు, తట్టలు, గాదెలు అల్లేవాళ్ళు. ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పెత్తనం, పన్ను వచ్చాయి. తర్వాత రైలు వచ్చింది. ఉప్పు రైలెక్కింది, గాడిద వీపు ఖాళీ అయింది. తిరిగి బతికే మనిషికి బతుకు పోయింది, పైగా తిరగడమే నేరమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో కొరవ, ఎరుకల వాళ్ళకు జరిగిన ఈ అన్యాయాన్ని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ "డిస్‌ఆనర్డ్ బై హిస్టరీ" పుస్తకంలో వివరంగా రాశారు. చదవగలిగినవాళ్ళు చదవండి.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో పుట్టింది. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. కావలి సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ నడిపింది. ఎస్.డి. బాడెన్ అనే మిషనరీ దాని పెత్తనం చూశాడు. బడి పెట్టారు, పని నేర్పారు, నిజమే. కానీ ఆ బడికి పోయే పిల్లోడి అమ్మానాన్నలు అక్కడికి ఇష్టపడి వచ్చినవాళ్ళు కాదు. పోలీసు కాగితం మీద వచ్చినవాళ్ళు. మన ఊరి పేరే కావలి. ఆ పేరున్న ఊళ్ళో మనుషులను కావలి పెట్టి ఉంచారు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అప్పటినుంచి వాళ్ళు విముక్త జాతులు. కాగితం మీద. కానీ పాత ఫైళ్ళు, రిపోర్టులు, పుస్తకాలు ఏ పేరుతో బీరువాల్లో సర్దారో ఆ పేరుతోనే ఉన్నాయి. తర్వాత వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టినవాళ్ళు అట్ట మీద ఉన్న పేరునే ఎక్కించారు. చట్టం రద్దయింది. బీరువా మీద అంటించిన చీటీ రద్దు కాలేదు.

స్టూవర్టుపురం అని కొట్టి చూడండి. 1991లో వచ్చిన సినిమా, 2023లో వచ్చిన సినిమా, దొంగల కథలు. ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగాలు చేసినోళ్ళు ఎక్కడో అడుగున ఉంటారు. కావలి సెటిల్మెంటు సంగతి కావలి వాళ్ళకే తెలియదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. నేను మాదిగవాడలో పుట్టినవాణ్ణి. నా చిన్నప్పుడు మా వాడలో ఏదన్నా పోతే మా పెద్దోళ్ళు కూడా ఎరుకల గుడిసెల వైపే చూసేవాళ్ళు. మమ్మల్ని ఊరు చూసిన చూపుతోనే మేం వాళ్ళను చూశాం. వాళ్ళు ఎస్టీలు, మేం ఎస్సీలం, జాబితాలు వేరు. ముద్ర వేసిన చెయ్యి మాత్రం ఒకటే. అది అర్థం కావడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మా ముద్రల లెక్క చూడండి.

ఒకప్పుడు సర్కారు కాగితాల్లో మేం పంచములం. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు సభ పెట్టారు. పంచమ సభ అని పిలిచిన సభలోనే ఆ పేరు మాకొద్దు అన్నారు. మేం ఈ నేల మీద మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును కాగితాల్లో ఒప్పుకుంది. 1933లో గాంధీ "హరిజన్" పత్రిక మొదలుపెట్టాక ఊరూరా మా వాడల మీద హరిజనవాడ అనే బోర్డు పడింది. 1936 ఉత్తర్వుతో షెడ్యూల్డు కులాల జాబితా వచ్చింది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపాక దళిత మహాసభ పుట్టింది. దళిత అనే మాట తెలుగు నేల మీద మన నోట నిలబడింది. 2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్ళకు సలహా పంపింది: దళిత అనకండి, షెడ్యూల్డు కులం అనండి అని.

మా ఇంట్లోనే లెక్కేస్తే ముత్తాత పంచముడు, తాత ఆది ఆంధ్రుడు, నాయన హరిజనుడు, నేను దళితుణ్ణి, నా సర్టిఫికెట్టు ఎస్సీ. ఒకే రక్తం, ఒకే వాడ, అయిదు సొరుగులు. ఒక సొరుగు లాగితే మిగతా నాలుగూ కదలవు. దళిత అని కొట్టే పిల్లోడికి 1917 సభ దొరకదు. ఎందుకంటే ఆ రోజు కాగితాల్లో ఆ మాట లేదు. 2018 సలహాను నేను అందుకే చిన్న విషయంగా చూడలేదు. ఒక మాటను వార్తల్లోంచి తీసేస్తే, రేపు ఆ మాటతో వెతికేవాడికి ఈ రోజులన్నీ ఖాళీగా కనపడతాయి.

సరే, ఇంటర్నెట్ వచ్చింది కదా, అక్కడన్నా ఈ బీరువా గోల తప్పిందా?

మొదట్లో తప్పలేదు. 1994లో అమెరికాలో స్టాన్‌ఫర్డులో చదివే ఇద్దరు కుర్రాళ్ళు యాహూ మొదలుపెట్టారు. మొదట అది సైట్ల పట్టిక. ఈ సైటు ఏ అరలోకి పోవాలో యాహూ ఉద్యోగులు నిర్ణయించేవాళ్ళు. అంటే పాత బీరువానే, చెక్క బదులు తెర.

నిజానికి ఈ జబ్బును చాలా ముందే పట్టుకున్నాయన మన మద్రాసులోనే ఉన్నాడు. ఎస్.ఆర్. రంగనాథన్. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యాడు. ఒక పుస్తకాన్ని ముందే కట్టిన ఒక్క అరలో కుక్కడం ఎందుకు అనుకున్నాడు. విషయాన్ని ముక్కలు చేశాడు: ఎవరి గురించి, ఏ పని గురించి, ఏ చోటు, ఏ కాలం. ఆ ముక్కలు కలిపి నంబరు కట్టే పద్ధతి 1933లో అచ్చువేశాడు. కోలన్ క్లాసిఫికేషన్ అంటారు. గొప్ప ఆలోచన. కానీ నంబరు కట్టే చెయ్యి మాత్రం లైబ్రేరియన్‌దే. పుస్తకంలో ఉన్న మనిషిని ఎవరూ అడగరు, నిన్ను ఏమని పిలవాలి అని.

అడగకుండానే ఆ హక్కు జనం చేతికి కొంత వచ్చింది 2003లో. డెలీషియస్ అనే సైటు వచ్చింది. నీకు నచ్చిన పేజీని దాచుకోవచ్చు, దానికి నీకు తోచిన మాటలు ఎన్నయినా తగిలించుకోవచ్చు. అదే ట్యాగు. 2004లో ఫొటోలకు ఫ్లికర్ వచ్చింది, అక్కడా అదే. ఆ ఏడాదే థామస్ వాండర్ వాల్ అనే ఆయన ఈ పద్ధతికి ఫోక్సానమీ అని పేరు పెట్టాడు. జనం కట్టిన వర్గీకరణ అని అర్థం.

ట్యాగు అంటే ఏంటో మన పెద్దోళ్ళకు చెప్పాలంటే నేను ఒకటి చెప్తాను. చాకిరేవులో బట్టలుతికే అమ్మ జీడిగింజ రసంతో బట్ట అంచున చిన్న గుర్తు పెట్టేది. యాభై ఇళ్ళ బట్టలు ఒకే బండ మీద పడినా ఏ ఇంటి గుడ్డ ఆ ఇంటికి చేరేది. ఆ గుర్తు పెట్టింది అధికారి కాదు, బట్ట యజమాని కాదు. మళ్ళీ వెతికి పట్టుకోవాల్సిన మనిషే పెట్టింది. ట్యాగులో ఉన్న బలం అదే.

నేను దీన్ని తెలుసుకుంది మా ట్రంకురోడ్డు మీద నెట్ సెంటరులో. 2006లో వీవెన్ గారు లేఖిని తెచ్చారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది. ఆ ఏడాదే కూడలి పెట్టారు. తెలుగులో రాసేవాళ్ళందరి కొత్త రాతలూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి. మొదటిసారి చూసినప్పుడు తిరునాళ్ళకు పోయినట్టుంది. తెలుగులో ఇంతమంది ఉన్నారా అనిపించింది. రెండో రోజు ఇంకో సంగతి కనపడింది. పొద్దున రాసింది సాయంత్రానికి అడుగుకు జారిపోతుంది. అది కూడలి తప్పు కాదు, కాలం వరసలో పేర్చే ఏ పేజీలోనయినా అంతే. రోజూ రాయగలిగినవాడు పైన ఉంటాడు. వారానికి ఒకరోజు కూలి మానుకుని గంట లెక్కన డబ్బు కట్టి రాసేవాడు కనపడడు. కంప్యూటరు ఎవరి ఇంట్లో ఉందో వాళ్ళ మాట పైన ఉండేది. ఆ ఇళ్ళు మా వాడలో లేవు.

అందుకే నేను ట్యాగుల వైపు పోయాను. అలా దాచుకునే సైటు ఒకదాంట్లో మన మీద జరిగిన దాడుల కాగితాలన్నీ పోగేశాను. అక్కడ తెలిసిందే అసలు పాఠం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపిన ఊరు ఉంది కదా. తెలుగులో చుండూరు. ఇంగ్లీషు కాగితాల్లో ఒకచోట "టి"తో మొదలయ్యే త్సుండూరు, ఇంకోచోట "సి"తో చుండూర్, మరోచోట చివర "యు" తగిలించి చుండూరు. ఒకే రక్తపు మడుగుకు నాలుగు స్పెల్లింగులు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసిన వార్త ఒక స్పెల్లింగులో దొరికితే, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసిన వార్త ఇంకో స్పెల్లింగులో దొరుకుతుంది. ఒక్కటే కొట్టినవాడికి సగం కథే తెలుస్తుంది. శిక్ష పడింది కదా అని ఊరుకుంటాడు.

నేను ప్రతి కాగితానికీ నాలుగు స్పెల్లింగులూ తగిలించాను. కొన్ని నెలలకు అదే ట్యాగు కింద ఇంకెవరో దాచిన పేజీలు కనపడ్డాయి. పేరు తెలియదు, ఊరు తెలియదు. నేను ఏడాదిగా వెతుకుతున్న కాగితం ఆయన పెట్టెలో ఉంది. ఆయనకు లేనిది నా దగ్గర ఉంది. ఒకరికొకరు ఒక్క మాట రాసుకోలేదు. ఒకే గుర్తు పెట్టాం, అంతే. మనిషిని మనిషి దగ్గరికి చేర్చే పని ఒక మాట చెయ్యగలదని ఆ రోజు నమ్మాను.

తర్వాత ఆ సైటు మూతపడింది. దాని పేరు ఇక్కడ అనవసరం. ముందుగా మెయిలు పంపారు, నేను చూసుకోలేదు. ఏడేళ్ళ పోగు ఒక్క రాత్రిలో పోయింది. తప్పు నాది కూడా. పరాయి చావిట్లో ధాన్యం పోసి తాళంచెవి అడగని రైతు తప్పు అది. చావిళ్ళు కూలడం కొత్త కాదు. గూగుల్ రీడర్ 2013 జులైలో పోయింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో పోయింది. యాహూ పట్టిక 2014 చివర్లో, యాహూ గ్రూపులు 2020లో పోయాయి. వాటిలో మనవాళ్ళ మాటలు ఎన్ని పోయాయో లెక్క కట్టేవాళ్ళు లేరు.

ఈలోగా ట్యాగు వీధిలోకి వచ్చింది. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సీనా అనే ఆయన ట్విట్టరులో మాట ముందు ఆ నాలుగు గీతల గుర్తు పెడదామన్నాడు. అదే హ్యాష్‌ట్యాగు. 2015 ఏప్రిల్లో దళిత స్త్రీలు ముందు నిలబడి దళిత్ హిస్టరీ మంత్ మొదలుపెట్టారు. అమెరికా నల్లజాతి వాళ్ళ చరిత్ర మాసం దానికి స్ఫూర్తి. బెజవాడ సభలో 1917లో జరిగిన పనే అది: మా చరిత్రకు పేరు మేం పెడతాం. 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు జస్టిస్ ఫర్ రోహిత్ అన్న ట్యాగు దేశమంతా తిరిగింది. పేపర్లు మొదటి పేజీలో వెయ్యక తప్పలేదు. అప్పుడు ఎదుటివాళ్ళు ఎత్తుకున్న వాదన గుర్తుందా? అతను దళితుడే కాదు అన్నారు. చావు సంగతి వదిలి చీటీ మీద పడ్డారు. చీటీ మార్చగలిగితే కేసే మారిపోతుందని వాళ్ళకు మనకంటే బాగా తెలుసు.

హ్యాష్‌ట్యాగు ఊరేగింపు లాంటిది. రోడ్డు నిండుతుంది, ఊరు వింటుంది. మర్నాడు రోడ్డు ఖాళీ. ఈ వరసలో మూడో భాగం ఎక్కడుందన్నా అని వారానికి ఇద్దరన్నా నన్ను అడుగుతారు. రాసినవాణ్ణి నేనే, నాకే దొరకదు. ఏది పైకి తేవాలో, ఏది అడుగున తొక్కాలో కంపెనీ లెక్క చూసుకుంటుంది. ఆ లెక్క మన చేతిలో లేదు. ఊరేగింపు కావాలి. దాంతోపాటు ఇల్లు కూడా కావాలి.

మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి వస్తాను.

ఆదివారం వాళ్ళింటికి పోయాను. వాళ్ళ అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటినట్టుంది. సెటిల్మెంటు సంగతి అడిగితే ముందు పలకలేదు. ఆ పిల్ల పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అప్పుడు అంది: "అదా, హాజరు కాలం." మా నాయన హాజరుకు పోయేటప్పుడు నన్ను భుజాన ఎత్తుకునేవాడు, పేరు పిలిస్తే నేను కూడా పలికేదాన్ని, అందరూ నవ్వేవాళ్ళు అని చెప్పింది. ఆ ముసలామె నోట క్రిమినల్ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఆమె అనుభవానికి ఆమె పెట్టుకున్న పేరు ఉంది. ఎనభై ఏళ్ళుగా ఉంది. మనం అడగలేదు.

ఆ పిల్ల నోటుబుక్కు తీసి పైన రాసుకుంది: హాజరు కాలం. దాని కింద క్రిమినల్ ట్రైబ్స్ అన్న మాటను కొట్టెయ్యబోయింది. నేను ఆపాను. "ఆ మాట కొట్టెయ్యొద్దు తల్లీ. అది మీ తాత పేరు కాదు, మీ తాతను పెట్టిన గది పేరు. తలుపు మీద పేరు తెలియకపోతే లోపలికి పోలేం."

నాకు దొరికిన జవాబు ఇదే. వాళ్ళ మాటను దారిగా వాడుకోవాలి, మన మాటను ఇంటి పేరుగా పెట్టుకోవాలి. తెలుగు వికీపీడియాలో, 2003 డిసెంబరులో మొదలైంది అది, దారిమార్పు అని ఒక ఏర్పాటు ఉంది. ఒక పేరుతో వెతికినవాణ్ణి ఇంకో పేరున్న పేజీకి పంపిస్తుంది. నాలుగు స్పెల్లింగుల చుండూరుకు కావాల్సింది అదే. పంచమ, ఆది ఆంధ్ర, హరిజన, దళిత, ఎస్సీ అనే అయిదు సొరుగులకు కావాల్సింది అదే. హాజరు కాలం అని కొడితే కావలి సెటిల్మెంటు కాగితాలు రావాలి. క్రిమినల్ ట్రైబ్స్ అని కొట్టినవాడికి ఆ అవ్వ మాట ఎదురు రావాలి.

పని మొదలుపెట్టాం. ఆ పిల్ల, నేను, ఇంకో నలుగురం. ఒక పట్టిక. ఎడమ వైపు కాగితాల్లో ఉన్న మాట, కుడి వైపు మన పెద్దోళ్ళు అనే మాట, కింద ఊరు, సంవత్సరం, ఎన్ని స్పెల్లింగులుంటే అన్నీ. ఈసారి పరాయి చావిట్లో ఒక్కచోటే పొయ్యడం లేదు. మూడు చోట్ల దాస్తున్నాం, ఒకటి కాగితం మీద అచ్చు తీసి.

మీ ఇళ్ళల్లో పెద్దోళ్ళు ఉంటే ఈ వారం కూర్చోబెట్టి అడగండి. కరువును ఏమనేవాళ్ళు, వెట్టిని ఏమనేవాళ్ళు, వాడ మీద దాడి జరిగిన రోజును ఏమనేవాళ్ళు. వాళ్ళు ఏ మాట అంటే ఆ మాటే రాయండి. మంచి తెలుగులోకి మార్చొద్దు. అర్థం రాసేముందు మాట రాయండి.

ఆ ప్రాజెక్టు ఇంకా పూర్తి కాలేదు. పేరు మాత్రం పెట్టేసింది: "కావలిలో హాజరు కాలం". మాస్టారు ఆ పేరు చూసి, ఇట్లాంటి మాట ఎక్కడా లేదే, ఎక్కడ దొరికింది అని అడిగారంట.

"మా ఇంట్లో దొరికింది సార్" అందంట.

వచ్చే భాగంలో చెరువులు. జై భీమ్.